అన్నం ముందు పాట

మా ఉస్తాద్ పోయాడు. బోధన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నిజామాబాద్‌లో, నేను నడిపే బడి వ్యాన్‌ను కడుగుతున్నాను. ఫోన్ చేసింది మా బ్యాండులో ట్రంపెట్ ఊదిన వర్ని ఊరి అన్న.

"ఉస్తాద్ పోయిండురా."

"ఎప్పుడన్నా?"

"పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగిండట. మల్ల లేవలే. పగటి జొహర్ నమాజ్ అయినంక మట్టికి తీస్కపోతరట. వస్తే జెల్ది రా."

బకెట్ అక్కడే వదిలేసి బస్సెక్కాను. ఏడుపు తరవాత వచ్చింది. ముందు వచ్చింది ఒకటే ఆలోచన: ఆ పాట పోయింది. మనిషి పోయాడంటే పాట గుర్తొస్తుందా అని ఎవరైనా అడగొచ్చు. ఆయన దగ్గర వాయించడం నేర్చుకున్నవాడెవడైనా అదే అనుకుంటాడు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. బోధన్, వర్ని, వేల్పూర్ వైపు పెళ్ళిళ్ళకు పోయినవాళ్ళు మాత్రం చూసే ఉంటారు. పెళ్ళి ఊరేగింపులో, బారాత్‌లో, తోపుడు బండి వెనక, తెల్ల టోపీ పెట్టుకుని, మెడలో గిటార్ వేసుకుని నడిచే బక్క మనిషి. బండి మీద బ్యాటరీ, స్పీకరు. గిటార్ నుంచి బండికి ఒక వైరు. ఆ వైరు పొట్టిది కాబట్టి బండి ఎటు తిరిగితే ఆయన అటు తిరగాలి. "మేకపిల్లను కట్టేసినట్టు కట్టేసిండ్రు నన్ను" అని నవ్వేవాడు. పెళ్ళివాళ్ళకు ఆయన బ్యాండుమేళంలో గిటారు మనిషి, అంతే. నిజానికి ఆయన జాజ్ గిటారిస్టు, అరేంజరు. బోధన్‌లో ఈ రెండు మాటలకు అర్థం తెలిసినవాళ్ళం ఒక ఆటోలో పడతాం.

ఆయన తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీకి ఒక క్లబ్బు ఉండేది. ఆఫీసర్లు సాయంత్రాలు టెన్నిస్ ఆడి, గ్రామఫోన్ పెట్టుకుని కూర్చునేవాళ్ళు. గోవా నుంచి వచ్చిన కెమిస్టు ఒకాయన గిటార్ వాయించేవాడట. క్లబ్బు గోడ వెనక సందులోనే వీళ్ళ ఇల్లు. గోడ అవతల వాయించినదాన్ని గోడ ఇవతల ఈయన నోటితో పాడుతుంటే, ఆ కెమిస్టు విని లోపలికి పిలిచాడట. అక్కడి నుంచి బొంబాయి. హోటళ్ళలో రాత్రి బ్యాండ్లు, తరవాత సినిమా స్టూడియోలు. ఒకరు ట్యూను కడితే, దాని కింద ఏ వాద్యం ఏం పలకాలో కాగితాల మీద రాసిచ్చే పని. పేరు ఇంకొకరికి పోయేది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం నేనెప్పుడూ వినలేదు. నాకే ఒళ్ళు మండేది.

తల్లికి పక్షవాతం వస్తే తిరిగొచ్చాడు. మళ్ళీ పోదామనుకున్నాడు, పోలేదు. పెళ్ళయింది, క్లబ్బులో వాయించాడు. తరవాత ఫ్యాక్టరీ మూతపడింది, క్లబ్బుకు తాళం పడింది. చెరకు బండ్ల వరస పోయింది, ఊరంతా పరుచుకునే ఆ తీపి కంపు పోయింది, సైరన్ పోయింది. ఉస్తాద్ గిటార్ శ్రుతి చేసుకునేది ఆ సైరన్ కూతను బట్టే.

"సైరన్ బంద్ అయింది గద ఉస్తాద్, ఇప్పుడెట్ల?" అని అడిగాను ఒకసారి.

"నీకు బంద్ అయింది మియా. నా చెవుల ఇంక మోగుతనే ఉన్నది" అన్నాడు.

బొంబాయి హోటళ్ళలో వాయించిన మనిషి బ్యాండుమేళంలో ఎందుకు చేరాడని అందరూ అడిగేవాళ్ళు. ఊళ్ళో గాలి ఊదే వాద్యాలున్నది అక్కడే కాబట్టి చేరాడు. ట్రంపెట్, శాక్సఫోన్, క్లారినెట్, బేసు బాకా. మా దగ్గర అన్నీ ఉన్నాయి. లేనిదల్లా వాయించడం తెలిసినవాళ్ళు.

మా ఇంట్లో తాతల నాటి నుంచి సన్నాయి. నేను క్లారినెట్ పట్టి ఆ బ్యాండులో చేరేనాటికి, ఎవరైనా పాట మొదలుపెడితే అందరం అదే పాట ఊదేవాళ్ళం. ట్రంపెట్టూ అదే, శాక్సఫోనూ అదే, బేసూ అదే. ఎంత గట్టిగా ఊదితే అంత గొప్ప. ఉస్తాద్ మొదటి రోజు రెండు చెవులూ మూసుకుని విన్నాడు.

"అందరు మీదికే ఎక్కితే కింద నిచ్చెన పట్టేటోడెవడు?" అన్నాడు.

తలా ఒక వేరే స్వరం చెప్పి చూశాడు. నాలుగు అడుగులు పోయేసరికి మేము మళ్ళీ పాటలోకి జారిపోయాం. పక్కవాడు పాట ఊదుతుంటే మన నోరు ఊరుకోదు. కాగితం మీద రాసిద్దామంటే మాకెవరికీ ఆ గుర్తులు చదవడం రాదు. చివరికి ఆయన ఒక ఉపాయం చేశాడు. ఒక్కొక్కరిని ఒక్కో పూట ఇంటికి పిలిచి, ఎవరి భాగం వారికి నోటితో పాడి నేర్పేవాడు. ట్రంపెట్ అన్న పొద్దున, నేను మధ్యాహ్నం, శాక్సఫోన్ ఆయన సాయంత్రం అసర్ నమాజ్ తరవాత. పక్కవాడికి ఏం చెప్పాడో అడిగితే ఒప్పుకునేవాడు కాదు.

"నీది నువ్వు చూసుకో. వానిది నీకు తెలిస్తే నువ్వు వాని ఇంట్లకే పోయి కూసుంటవ్."

ఆ ఇంట్లో నేను మధ్యాహ్నాలు కూర్చున్న చోటు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆయన సాసర్‌లో చాయ్ పోసుకుని, తాగకుండా, నా భాగం పాడేవాడు. కుడి చేతి గోళ్ళు పొడుగ్గా ఉండేవి. భోజనం చేశాక వాటిని అగ్గిపుల్లతో శుభ్రం చేసుకోవడం ఒక పెద్ద కార్యక్రమం. లోపలి గదిలో ఆయన భార్య, మేమందరం అక్క అన్నట్టు ఆపా అని పిలిచేవాళ్ళం, కూరగాయలు కోస్తూ వింటుండేది. నేను తప్పు ఊదితే ఉస్తాద్ కంటే ముందు ఆమె కత్తి ఆగేది.

అలా తయారైంది ఒక పాట. దానికి పేరు లేదు. బారాత్‌లో దాన్ని ఎవరూ వాయించనివ్వలేదు. వేల్పూర్‌లో ఒక పసుపు రైతు ఇంటి పెళ్ళిలో మొదలుపెట్టామో లేదో, పెళ్ళికొడుకు మేనమామ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం కొడుతున్నర్రా? ఒకడొక దిక్కు, ఇంకొకడు ఇంకో దిక్కు. రాకుంటే రాదని సెప్పుండ్రి. తీన్‌మార్ కొట్టుండ్రి!"

ఉస్తాద్ వెంటనే తీన్‌మార్ చిందు దెబ్బకు మళ్ళించాడు. మొహంలో ఏ మార్పూ లేదు. ఆ మేనమామను తన్నాలనిపించింది నాకు. ఆయన మాత్రం "ఆయన దావత్, ఆయన ఇష్టం" అన్నాడు.

అందుకని ఆ పాట మాకోసం మేము వాయించుకునేవాళ్ళం. పెళ్ళికొడుకు లోపలికి పోయాక బ్యాండువాళ్ళకు పని ఉండదు. చుట్టాలందరూ తిన్నాక మాకు పెడతారు. ఆ ఎదురుచూపులో, ఫంక్షన్ హాలు వెనక, వంటవాళ్ళ గంగాళాల పక్కన నిలబడి వాయించేవాళ్ళం. అలా దానికి అన్నం ముందు పాట అని పేరు పడింది. వంటవాళ్ళే మా శ్రోతలు. వాళ్ళకు నచ్చిందో లేదో తెలియదు గానీ ఒక ముక్క ఎక్కువ వేసేవాళ్ళు.

జాజ్ అంటే ఏమిటని అడిగితే ఉస్తాద్ ఇలా చెప్పేవాడు: "అందరం కలిసి బోధన్ నుంచి ఎల్లుతం. నడుమల ఎవనికి తోచిన తొవ్వల వాడు పోతడు. మల్ల అందరం వర్ని చౌరస్తాల కలుస్తం. కలవకుంటే గది జాజ్ గాదు, తప్పిపోవుడు."

పాట మధ్యలో ఒక చోట మేమందరం ఒక్కసారిగా ఆగిపోవాలి. అక్కడ గిటార్ ఒక్కటే. ఆయన ఎంతసేపు వాయిస్తాడో ముందుగా తెలియదు. ఆకలి మీదుంటే తొందరగా ముగించేవాడు. మనసు బాగుంటే కళ్ళు మూసుకుని ఎక్కడికో పోయేవాడు. మేము వాద్యాలు పెదవుల దగ్గర పెట్టుకుని ఆయన గడ్డం వైపు చూస్తుండేవాళ్ళం. గడ్డం కొంచెం పైకి లేస్తే చాలు, అందరం ఒక్కసారి అందుకోవాలి. నా బతుకులో అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేను ఇంక దేనికోసమూ నిలబడలేదు. అందుకున్న ఆ క్షణంలో వచ్చే చప్పుడు ఎలా ఉండేదో రాయడం నాకు చేతకాదు. ఏడుపొచ్చేది. సంతోషంతోనే.

తరవాత డీజేలొచ్చాయి. డీజేవాణ్ణి నేను తిట్టను, వాడికీ పిల్లలున్నారు. బ్యాండు చెదిరిపోయింది. బేసు బాకా ఆయన చనిపోయాడు. శాక్సఫోన్ ఆయన నాందేడ్ దగ్గర కూతురింటికి పోయాడు. ట్రంపెట్ అన్నకు ముందు పళ్ళు ఊడిపోయాయి. ఉస్తాద్ గిటార్ మాత్రం రోజూ తుడిచి, శ్రుతి చేసి, గోడకు తగిలించేవాడట. మళ్ళీ ఒకసారి అందరం కలుద్దామని పండగ పండగకూ అనుకున్నాం.

మట్టి అయిన తరవాత, మగవాళ్ళందరూ వెళ్ళిపోయాక, ఆపా నన్నూ ట్రంపెట్ అన్ననూ వాకిట్లోకి పిలిచింది.

"ముప్పై ఏండ్లు గోడ అవతల కెల్లి ఇన్న. నీదొక తునక, ఆయనదొక తునక. అంతా కలిపి ఎన్నడు ఇన్లే. పెండ్లిండ్లకు నేను రాకపోతుంటి గద. నలభయ్యోదినం ఫాతిహాకు రాండ్రి. నాకు ఒక్కసారి గది మొత్తం ఇనిపియ్యండ్రి" అన్నది.

ట్రంపెట్ అన్న నా మొహం చూశాడు. "మొత్తం" అనేదాన్ని ఆమె మా దగ్గర అడుగుతోంది. అది మాలో ఎవరి దగ్గరా లేదు.

వెతికాం. పెళ్ళి వీడియోల్లో ఉంటుందేమోనని వేల్పూర్ పోయి, ఆ మేనమామ ఇంట్లోనే సీడీ పట్టుకున్నాం. ఆయన ముసలివాడై, మంచివాడయ్యాడు. దగ్గర కూర్చుని చూపించాడు. వీడియోవాడు మమ్మల్ని తీశాడు, నిజమే. గంగాళాల పక్కన మేము నిలబడి ఊదుతున్నాం. ఉస్తాద్ వేళ్ళు తీగల మీద పరుగెడుతున్నాయి. కానీ పెళ్ళి వీడియోలకు మీద సినిమా పాటలు అంటించడం రివాజు కదా. ఆ వేళ్ళ మీద ఏదో హీరో పాట పోతోంది. ఒకచోట ఉస్తాద్ గడ్డం పైకి లేచింది. మేమందరం అందుకున్నాం, మా బుగ్గలు ఉబ్బాయి. వినపడింది మాత్రం ఆ సినిమా పాటే. ట్రంపెట్ అన్న టీవీ దగ్గరికి పోయి సౌండు మొత్తం తగ్గించాడు. అలా మూగగా చివరిదాకా చూశాం.

నలభయ్యో రోజు ప్రార్థనకు, ఫాతిహా నాటికి, శాక్సఫోన్ ఆయన నాందేడ్ నుంచి వచ్చాడు. మా బ్యాండులో సైడ్ డ్రమ్ము కొట్టిన తమ్ముడు వచ్చాడు. ట్రంపెట్ అన్న కట్టుడు పళ్ళు పెట్టించుకుని వచ్చాడు. చావు జరిగిన ఇంట్లో వాద్యాలంటే ఉస్తాద్ సొంత తమ్ముడు ఒప్పుకోడు. ఆపాయే దారి చూపించింది.

"క్లబ్బు గోడ కాడ కొట్టుండ్రి. గది మన ఇల్లు గాదు గద. నేను డాబా మీదికెల్లి ఇంట."

మధ్యాహ్నం ఎండ. క్లబ్బు కప్పు కూలి, టెన్నిస్ ఆడిన జాగా నిండా సర్కారు తుమ్మలు. నలుగురం గోడ నీడలో నిలబడ్డాం. డాబా మీద ఆపా తలకు కొంగు కప్పుకుని పిట్టగోడ పట్టుకుంది. సందంతా బగారన్నం వాసన.

మొదలుపెట్టాం. బేసు లేదు. ట్రంపెట్ అన్న కట్టుడు పళ్ళ నుంచి సగం గాలే వస్తోంది. నా భాగం నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు, కానీ కింద గిటార్ లేకపోయేసరికి అదేదో పిచ్చివాడి కూతలా వినిపించింది. శాక్సఫోన్ ఆయన పాటలోకి జారబోయి, తమాయించుకుని, మళ్ళీ తన దారికి వచ్చాడు. పైకి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అయినా ఎవరం ఆపలేదు.

ఆ చోటు వచ్చింది. అలవాటు కొద్దీ నలుగురం ఒక్కసారిగా ఆగాం. చిత్రమేమిటంటే, అన్నేళ్ళ తరవాత కూడా ఆగడం మాత్రం చక్కగా వచ్చింది.

ఎదురుచూశాం. ఎంతసేపని ఎవరికి తెలుసు? లెక్క ఉస్తాద్ మాకెప్పుడూ చెప్పలేదు. వాద్యాలు పెదవుల దగ్గరే ఉన్నాయి. నలుగురి కళ్ళూ నడుమ ఉన్న ఖాళీ జాగా మీద, మనిషి గడ్డం ఉండే ఎత్తులో ఉన్నాయి. మాలో ఎవరో ఒకరు తలూపితే అయిపోయేది. ఎవరూ ఊపలేదు. ఊపడానికి అది మాది కాదు. తుమ్మ చెట్ల మీద పిట్టలు అరిచి ఊరుకున్నాయి. డాబా మీద ఆపా కూడా కదల్లేదు.

చాలాసేపటికి ఆమె గొంతు వినిపించింది.

"ఇంక చాలు. అన్నం సల్లారుతున్నది, రాండ్రి."

డ్రమ్ము తమ్ముడు పుల్లలు సంచిలో పెట్టుకున్నాడు. శాక్సఫోన్ ఆయన చెమట తుడుచుకున్నాడు. నేను క్లారినెట్ విడదీసి డబ్బాలో సర్దాను. ట్రంపెట్ అన్న మాత్రం ఇంకా ట్రంపెట్ పెదవుల మీది నుంచి తియ్యలేదు.