నైటీ అంచులో సీసపు బిళ్ళలు

టైలరమ్మ చేతిలో సూది పడిందంటే లావుపాటివాళ్ళు సన్నగా, వంకర భుజాలవాళ్ళు తిన్నగా కనబడాల్సిందే. జీవితమంతా ఆడవాళ్ళ లోపాలన్నీ కుట్లలో దాచిపెట్టిన మనిషి. అలాంటామెకు చివరికి తన గుండెజబ్బునే దాచుకోవలసిన అవసరం వచ్చిపడింది.

ఆమె ఉంటున్న వృద్ధుల హోములో రోజూ టీ అయ్యాక నర్సు వచ్చి ఆమె బరువు తూచేది. ఎందుకో మొదటిరోజే విడమరిచి చెప్పింది. "గుండె నీరసపడితే ఒంట్లో నీరు నిలుస్తుంది పెద్దమ్మా. బరువు ఉన్నట్టుండి పెరిగితే జాగ్రత్తపడాలి."

మంచి మాటే. కానీ టైలరమ్మ కళ్ళు వేరే సంగతి చూశాయి. బరువు పెరిగినవాళ్ళను చక్రాల కుర్చీలో వెనక వార్డుకు తోసుకుపోవడం చూసింది గానీ, ఒక్కరైనా తిరిగిరావడం చూడలేదు. పైగా ఆ వార్డులో వదిన ఉండదు.

వదినంటే చుట్టమేం కాదు, అదే గదిలో ఉండే రిటైరైన టీచరు. ఫ్యాను వెయ్యాలని ఒకరు, ఆపాలని ఒకరు తొలిరోజే జుట్టూజుట్టూ పట్టుకున్నంత పని చేసి, ఆ పోట్లాటలోనే వదినలైపోయారు. మొగుడు పోయాక టైలరమ్మ అంత మనసు విప్పి మాట్లాడింది ఈవిడతోనే.

అందుకని ఒంట్లో బాగున్న రోజుల్లోనే ముందుచూపుతో ఒక పని చేసింది. కర్టెన్లు తిన్నగా వేలాడడానికి అంచుల్లో పెట్టే సీసపు బిళ్ళలను నైటీ అంచు మడతలో ఒక్కొక్కటే కుట్టుకుంది. బరువు మెల్లమెల్లగా పెరగడం చూసి, తిండి ఒంటబడుతోందని నర్సు మురిసిపోయింది. తర్వాత నీరు చేరి కాళ్ళు ఉబ్బినకొద్దీ టైలరమ్మ ఒక్కో బిళ్ళ ఊడదీసింది. బరువు చెక్కుచెదరలేదు. ఈ గుట్టు వదినకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పనని టైలరమ్మ నెత్తిమీద చెయ్యిపెట్టి ఒట్టేసింది కూడా.

కానీ ఒళ్ళు గుడ్డ కాదు కదా, ఎటు లాగితే అటు వచ్చేందుకు. చెప్పుల్లో కాళ్ళు పట్టడం మానేశాయి. పడుకుంటే ఊపిరాడక దిండ్ల మీద దిండ్లు పేర్చుకుని కూర్చునే కునుకు తీసేది.

"మహారాణిలా కూర్చుని నిద్రపోతున్నా వదినా!" అని ఆయాసపడుతూనే నవ్వింది. వదిన నవ్వలేదు.

ఆ మర్నాడు ఇద్దరూ ఎప్పటిలాగే టీ తాగారు. వదిన బిస్కెట్టు టీలో విరిగి మునిగిపోతే పకపకా నవ్వుకున్నారు. "ఈ నైటీ రంగు నీకు భలే ఉందే," అంది వదిన. అంతలో నర్సు వచ్చింది. బరువు తూచలేదు, కాళ్ళు చూడలేదు. వంగి తిన్నగా నైటీ అంచు తడిమింది.

"ఇవేంటి పెద్దమ్మా?"

టైలరమ్మ నర్సును చూడలేదు. వదిన వైపు చూసింది. వదిన ఖాళీ గ్లాసులోకి చూస్తోంది.

వెనక వార్డులో ఆక్సిజన్ పెట్టారు, నీరు తీసే ఇంజెక్షన్లు ఇచ్చారు. ఊపిరి కుదుటపడింది. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదన్నాడు డాక్టరు. వదినే బతికించిందని అందరూ అన్నారు. అది నిజమని టైలరమ్మకూ తెలుసు. కడుపుమంట చల్లారకపోవడానికి అదే కారణం. ప్రాణం పోసినదాన్ని నోరారా తిట్టుకోవడానికి కూడా లేదు!

వదిన చూడటానికొచ్చి మంచం పక్కన కూర్చుంది. "రాత్రుళ్ళు నీ ఆయాసం వింటూ కళ్ళు మూసుకుని పడుకోమంటావుటే?"

"చెప్పినందుకు కాదు వదినా. 'నేను చెప్పేస్తున్నా, నీ దిక్కున్నచోట చెప్పుకో' అని నా మొహానే అనేసి వెళ్ళుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. చెప్పొచ్చి, ఏమీ ఎరగనట్టు నా పక్కన కూర్చుని టీ తాగావు. నైటీ బాగుందన్నావు."

"ముందే చెబితే నువ్వు బిళ్ళలు తీసి పారేసేదానివి."

పారేసేదే. అందుకే టైలరమ్మకు మరింత ఒళ్ళు మండింది.

అప్పుడే నర్సు నవ్వుతూ వచ్చింది. "ఇక భయం లేదు పెద్దమ్మా. రేపు మీ గదికి వెళ్ళిపోవచ్చు. మీ మంచం అలాగే ఉంచాం."

వదిన మొహం విప్పారింది. ఆ గది కోసమే కదా టైలరమ్మ ప్రాణాలు ఒడ్డింది.

"అమ్మాయ్," అంది టైలరమ్మ, వదినకు వినబడేలా. "వేరే గదేదైనా ఖాళీ ఉందా?"