నా చేతులు వదలండి

మా సంఘంలో బాప్తిస్మం సముద్రంలోనే ఇస్తారు. నడుం లోతు నీళ్లలో నిలబెట్టి, పాస్టరు అయ్యగారు మన రెండు చేతులూ గుండె మీద జోడించి, వాటిని తన చేత్తో గట్టిగా పట్టుకుంటారు. "యేసయ్యను నమ్ముతున్నావా?" అని అడుగుతారు. నమ్ముతున్నానని అందరికీ వినిపించేలా చెప్పాలి. అప్పుడు వెనక్కి ముంచి లేపుతారు. నేను పుట్టు చెవిటిదాన్ని. మాట్లాడేది చేతులతో. నా చేతులు బిగించి పట్టుకుని నన్ను ప్రశ్న అడగడమంటే, మీ నోరు నొక్కి మిమ్మల్ని మాట్లాడమనడమే. ఇంతమంది పెద్దల్లో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకో సంగతి. నేను నల్లగా ఉంటాను. చామనఛాయ అని సర్దిచెప్పుకునే రంగు కాదు, అచ్చమైన నలుపు. నాకు వినపడదు కదా అని నా ఎదుటే నా రంగు గురించి మాట్లాడుకునేవారు. పెదవులు చదవడం నేను నేర్చుకున్నది బడిలో కాదు, ఈ దీవుల్లో మేముండే జంగ్లీఘాట్‌లో, మా ఇంటి వరండాలో. నాన్న అక్క, అంటే మా అత్త, వెనక వీధిలోనే ఉండేది. సాయంత్రమైతే వచ్చి కూర్చుని నన్ను చూస్తూ అమ్మతో ఒకటే మాట అనేది. "చెవుడుంటే ఉంది. రంగైనా ఉంటే ఎవుడో ఒకడు చేసుకునేవోడు గదే." మొదట్లో నాకు ముక్కలుగానే అర్థమయ్యేది. అదే మాట అన్నిసార్లు అంటే ఎవరికైనా పెదవులు కంఠతా వచ్చేస్తాయి. ఏమంటోందని అడిగితే అమ్మ చెయ్యి ఊపి "ఏం లేదు" అనేది. భోజనాల దగ్గర అందరూ నవ్వుతున్నప్పుడు అడిగినా అదే, "ఏం లేదు". నా చిన్నతనమంతా ఆ సైగే.

వీధిలో పిల్లలు నన్ను ఇక్కడి అడవిలో ఉండే ఆదివాసుల పేరు పెట్టి పిలిచేవారు. ఆ మాట కూడా పెదవుల మీదే చూశాను. ఈ దీవులు మొదట ఎవరివో వాళ్ల పేరే ఇక్కడ తిట్టయిపోయింది. మేమంతా ఓడెక్కి వచ్చి ఇక్కడ దిగినవాళ్లమే కదా, సిగ్గుండక్కర్లేదూ?

సండేస్కూల్లో టీచరమ్మ గుండె ఆకారంలో కత్తిరించిన రంగు కాగితాలు చూపించేది. నల్లగుండె పాపం, ఎర్రగుండె రక్తం, తెల్లగుండె కడిగిన మనసు. మిగతా పిల్లలు చెప్పింది విన్నారు. నాకు కనబడింది కాగితాలూ, నల్లదాన్ని ఎత్తినప్పుడల్లా ఆవిడ ముఖంలో అసహ్యమూ, అంతే. నల్లది నేనే అనుకున్నాను. ఆదివారం ఆదివారం ఆవిడ నా గురించే చెబుతోందనుకుని తల వంచుకుని కూర్చునేదాన్ని. ఇంటికొస్తే అమ్మ శనగపిండీ పసుపూ కలిపి నా మెడ తోమేది. పాపం పోగొట్టడానికని నేను ఓర్చుకునేదాన్ని. ఒక పిల్ల అలా అనుకుంటూ పెరిగిందని ఆ టీచరమ్మకు ఈనాటికీ తెలియదు.

తర్వాత చెవిటి పిల్లల బడిలో చేరాను. చేతులకు భాష వచ్చింది, ప్రాణం లేచొచ్చింది. మాలో పేరంటే కంటికి కనబడేదే. నుదుట మచ్చ ఉన్నవాడికి మచ్చ, ఉంగరాల జుట్టు పిల్లకు ఉంగరాలు. నాకేం పెట్టారో తెలుసా? చెంప మీద వేలు రాసి, నల్లది. నా వాళ్లనుకున్నవాళ్లు కూడా రంగే తగిలించారు. కొట్టినంత పని చేశాను. గరాచర్మ నుంచి బస్సులో వచ్చే నా స్నేహితురాలు నవ్వి, ముక్కు మీద వేలు పెట్టి విదిలించింది. ముక్కు మీద కోపం. ఆ పేరే ఉండిపోయింది, నాకు నచ్చింది కూడా.

ఇంట్లో అమ్మ నాతో రెండు చేతులా మాట్లాడేది. అబర్డీన్ బజార్లో మాత్రం కొంగు కింద వేళ్లు కదిపేది. నల్లపిల్ల, పైగా చేతులు తిప్పుకుంటోందని జనం చూస్తారని ఆమె భయం.

బాప్తిస్మం తీసుకుంటానని నేనే అన్నాను. నా జవాబు నేనే చెప్పాలి, అదొక్కటే నాకు కావాల్సింది. నా చేతులు పట్టుకోవద్దని అయ్యగారికి చెప్పమని అమ్మను తీసుకెళ్లాను. ఆయన నా తల నిమిరారు. "నువ్వు చెప్పెయ్ లే అమ్మా పాప తరఫున. ఉస్‌మే క్యా హై, అందులో ఏముంది, దేవుడికి అన్నీ తెలుసు." దేవుడికి తెలిస్తే మిగతావాళ్లని మాత్రం ఎందుకు అడుగుతున్నారని అడగమన్నాను. అమ్మ ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ఆ ఉదయం ఒడ్డున అత్త నా ముఖానికి పౌడరు అద్దింది. నీళ్లలో మునగబోయే ముఖానికి పౌడరు! తెల్లచీర కుచ్చిళ్లు పట్టుకుని దిగాను. అయ్యగారు నా చేతులు జోడించి బిగించేశారు. పెదవులు కదిపారు, నా వైపు చూసి కాదు, ఒడ్డున ఉన్న అమ్మ వైపు చూసి. అమ్మ నోరు తెరిచింది. "నమ్ముతున్నాను."

చేతులు లాక్కున్నాను. ఆయన తూలారు. నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, ఒడ్డున ముఖాలు చూస్తే గట్టిగానే అరిచినట్టుంది. రెండు చేతులూ ఎత్తి అమ్మతో అన్నాను. "నువ్వు చెప్పకు. నన్ను అడుగు." అత్త అమ్మ మోచెయ్యి పట్టుకుంది. అమ్మ విడిపించుకుంది. చీరతోనే నీళ్లలోకి నడిచొచ్చి, కొంగు కింద నుంచి చేతులు బయటికి తీసింది. సంఘమంతా చూస్తుండగా అడిగింది, నమ్ముతున్నావా అని. నమ్ముతున్నానని చెప్పాను. అయ్యగారి చెయ్యి తీసి నా భుజం మీద పెట్టుకున్నాను. ఇంకేం చేస్తారు, ముంచారు.

సాయంత్రం సంఘం వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. ఎవరో నా ముఖాన్ని గోధుమరంగుకు తెచ్చారు. మెడ దగ్గరికి కత్తిరించారు. చేతులు లేవు. నా రంగూ నా మాటా, రెండింటినీ ఒక్క ఫొటోలో తీసేశారు, ఎంత తేలికో చూడండి! ఒడ్డు మీద నుంచి నా స్నేహితురాలు తీసిన ఫొటో వెతికి అదే గ్రూపులో పెట్టాను. అందులో నల్లగా నిగనిగలాడుతూ నేను, పైకెత్తిన నా రెండు చేతులు, తెరిచిన నోరు.

అత్తకు తెలుగు రాయడం రాదు. గొంతు రికార్డు చేసి పంపింది, చెవిటిదానికి! ఫోన్ అమ్మకిచ్చి ఏమంటోందని అడిగాను. "ఏం లేదు" కోసం సిద్ధంగానే ఉన్నాను. అమ్మ మొత్తం విని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని, ఒక్క మాట దాచకుండా రెండు చేతులతో చెప్పింది.

"ఇంత నల్లటి ఫొటో ఎందుకెట్టావే, చేతులూ అదీనూ, పరువు పోతాది, తీసెయ్ అంటోంది."

"తియ్యనని చెప్పు," అన్నాను.

అమ్మ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. నేను ఆమె పెదవులే చూస్తున్నాను.

"తియ్యనంటోంది వదినా," అంది.