గుమ్మం బయట చెప్పులు

మా పిల్లల డాక్టరు గారు పోయారని మొన్న పొద్దున కబురొచ్చింది. ఈ హిందీ ఊళ్ళో, మా డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో బిడ్డను చంకనేసుకుని శంకర్ నగర్‌లోని ఆయన క్లినిక్‌కు పరుగెత్తని తెలుగు తల్లి లేదేమో. నాకు మాత్రం ఆయన్ను తలుచుకుంటే ఏడుపు కంటే ముందు సిగ్గే వస్తుంది.

మా అమ్మాయికి ఏడాది నిండకముందే బుగ్గల మీద మొటిమలు లేచాయి. ఏడిస్తే బొంగురు గొంతు. పెద్ద ఆడవాళ్ళకు వచ్చే చోట వెంట్రుకలు. మా అత్తగారు రోజూ శనగపిండి నలుగు పెట్టి రుద్దేది.

"పోతాయిలే. ఎవరితోనూ అనకు, రేపు పెళ్ళి కావలసిన పిల్ల" అనేది.

మొటిమలకైనా మందు తెద్దామని బయలుదేరిన రోజు, ఆ వెంట్రుకలను నేనే కత్తెరతో కత్తిరించి, లంగోటీ బిగించి కట్టాను.

ఆయన స్టెతస్కోపును అరచేతిలో వెచ్చబెట్టుకుని, ముందు బిడ్డనే పలకరించారు. "ఏమ్మా, ఏం సంగతి?" మా పిల్ల బొంగురుగా ఊ కొట్టింది. ఆయన నవ్వు ఆగిపోయింది. లంగోటీ విప్పమన్నారు.

"ఆడపిల్లండీ..." అని నసిగాను.

"శరమ్ ఎందుకమ్మా? ఇక్కడికొచ్చేటప్పుడు సిగ్గును చెప్పులతోపాటు బయటే వదిలెయ్యాలి" అని ఆయనే విప్పారు. రుద్ది రుద్ది కందిపోయిన చర్మం, కత్తెర మిగిల్చిన గరుకు. తిడతారనుకున్నాను.

"లోపల ఏదో గడ్డ ఉండి పిల్లనిలా చేస్తోంది. చాలా అరుదు. జల్దీ చూడాలి" అన్నారు, అంతే.

స్కానింగులో కిడ్నీ పైన గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇంకొన్నాళ్ళు దాచి ఉంటే పిల్ల నాకు దక్కేది కాదు. అయినా కాలనీలో హెర్నియా అనే చెప్పుకున్నాం. పిల్ల పెద్దదై పొట్ట మీది మచ్చ గురించి అడిగితే చెప్పలేక ఆయన దగ్గరికే తీసుకెళ్ళాను. ఆయనే ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పారు.

నిన్న నేనూ మా అమ్మాయీ వాళ్ళింటికి వెళ్ళాం. గుమ్మంలోనే ఆయన భార్య ఎదురయ్యారు. "మీరు...?" అన్నారు. వెనక కాలనీవాళ్ళున్నారు.

"చిన్నప్పుడు పాపకు జలుబు చేస్తే తెచ్చేవాళ్ళమండీ" అన్నాను.

మా అమ్మాయి నా వైపు చూసి, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. "జలుబు కాదు మామ్మా, గడ్డ. పసిపిల్లనప్పుడే మొటిమలొచ్చాయట నాకు. తాతగారే కనిపెట్టారు" అంది అందరూ వినేలా.

ఆమె మా అమ్మాయి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. బుగ్గ మీదున్న మొటిమను వేలితో తాకి, "ఇది వయసుతో వచ్చిందేలే" అని కళ్ళనీళ్ళతోనే నవ్వారు.

నేనింకా చెప్పులతోనే గుమ్మంలో నిలబడి ఉన్నాను.