లూసర్న్ స్టేషన్ ముందున్న కమాను

పరీక్షలయ్యాక స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ వెళ్తున్నానని ఈ రోజు ఇక్కడ ఆస్ట్రేలియాలో, మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో తెలుగువాళ్ల ప్రార్థన తర్వాత భోజనాల దగ్గర నోరు జారాను. ఇక సలహాలు మొదలయ్యాయి. ఒక అంకుల్ రైస్ కుక్కర్ మోసుకెళ్లమన్నారు, ఒక ఆంటీ వారానికి సరిపడా చపాతీలు చేసిస్తానన్నారు. విసుగొచ్చి ప్లేటుతో వరండాలోకి వచ్చేశాను.

అక్కడ శామ్యూల్ అంకుల్ ఒక్కరే ఉన్నారు. వాళ్లమ్మాయి దీన లూసర్న్‌లోనే చదువుకుంటూ జబ్బు చేసి చనిపోయింది. లోపలి మాటలు ఆయనకీ వినిపించినట్టున్నాయి. ఫోన్ తీసి, అప్పట్లో వాళ్లు తనని చూడ్డానికి వెళ్లాలనుకున్నప్పుడు దీన పంపిన వాయిస్ మెసేజ్ వినిపించారు.

"నాన్నా, వాటర్ బాటిల్స్ కొనకండి, ఇక్కడ వీధి ఫౌంటెన్లలో నీళ్లు తాగొచ్చు. సరస్సులో తిరిగే బోట్‌లో పైన బాగా చలి, అమ్మకి శాలువా తెండి. రూట్ గురించి మాత్రం టెన్షన్ పడొద్దు. స్టేషన్ ముందు పెద్ద ఆర్చ్ ఉంటుంది, దాని కింద నేను నిలబడి ఉంటా."

"మీరు వెళ్లారా అంకుల్?"

"లేదమ్మా. మేం బయల్దేరేలోపే పాపని పెట్టెలో ఇక్కడికి తీసుకొచ్చేశారు. నువ్వు దిగాక ఆ ఆర్చ్ కింద ఒకసారి చూడు."

అలాగే అన్నాను. ఈ రోజు విన్న సలహాల్లో కాదనలేనిది ఇదొక్కటే.

లూసర్న్ వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి. ఆ కమాను కింద ఎంతసేపు నిలబడితే, చూశానని ఆయనతో అనొచ్చు?