ఏడో ప్రశ్నకు నా కీ

ఆ ఆదివారం ఇన్‌చార్జ్ గదిలో ఉన్నవి: బల్ల ఒకటి, కుర్చీలు మూడు, సెక్షన్ మార్పు కాగితం, నా బీఈడీ నోట్సు, పులిహోర డబ్బా. ఉన్నవాళ్లం ముగ్గురం: ఫిజిక్స్ చెబుతూ ఆ సెక్షన్‌కు ఇన్‌చార్జ్‌గా కూడా ఉన్న నేను, ఇంటర్ మొదటి ఏడాది చదివే అమ్మాయి, పెడన నుంచి బస్సులో వచ్చిన వాళ్ల నాన్న. ఆయన చీరలు నేస్తారు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

మా కాలేజీ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో ఉంది. వారం వారం పరీక్ష, ర్యాంకును బట్టి సెక్షన్. ఐఐటీ పాఠాలు పై సెక్షన్‌కే చెబుతారు. ఆ అమ్మాయి మూడు మార్కుల తేడాతో కిందికి దిగుతోంది. కాగితం మీద తండ్రి సంతకం, నా సంతకం కావాలి.

ఆ మార్కులు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. ఏడో ప్రశ్న: లారీ వేగం పుంజుకుంటోంది, పైనున్న పెట్టె జారడం లేదు, పెట్టె మీద ఘర్షణ ఎటు? వెనక్కి అని నా కీ. ఘర్షణ ఎప్పుడూ కదలికకు ఎదురేనని షార్ట్‌కట్ నేర్పింది కూడా నేనే. ఆమె ముందుకి అని పెట్టింది. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. మొత్తం ఐదు పోయాయి.

ర్యాంకులు అంటించిన మర్నాడు ఆమె క్లాసులో లేచింది.

"సార్, మా నాన్న ఆటోలో చీరల మూట పెడతారు. ఆటో కదిలితే మూట వెనక్కి జారబోతుంది. జారకుండా ఆపేది ముందుకే కదా నెట్టాలి?"

వెనక నుంచి ఎవరో "ఆటో ఫిజిక్స్ రా" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె చెప్పిందే సరైనదని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

"కీలో ఏముందో అదే జవాబమ్మా. కూర్చో" అన్నాను.

తప్పు ఒప్పుకున్న లెక్చరర్ మాట పిల్లలు వినరని చేరిన రోజే నాకు చెప్పారు. నమ్మాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి; పాఠమంటే నిమిషానికి ఎన్ని లెక్కలన్నదే నాకు కొలత. ఉద్యోగం చేస్తూ చదువుతున్న బీఈడీ నోట్సులో మాత్రం ఆదర్శవాదం, ప్రకృతివాదం, వ్యావహారిక సత్తావాదం అని గడులు గీసి, ఒక్కోదానిలో ఉపాధ్యాయుడి పాత్ర ఏమిటో రాసుకున్నాను. పిల్లల ప్రశ్న దగ్గరే పాఠం మొదలవుతుందని మూడో గడిలో ఉంది. దాన్ని పరీక్షలో రాయాల్సిన వాక్యంగానే బట్టీ పట్టాను.

"క్లాసులో ఎదురు మాట్లాడిందంటగా సార్" అన్నారు వాళ్ల నాన్న.

"ఎదురు కాదు నాన్నా, అడిగా."

"నువ్వుండు. నేనే చెప్పి పంపానండీ, తెలీంది సిగ్గుపడకుండా అడగమని. చదువు లేనోణ్ణి, తెలవక చెప్పా. ఇంక అడగదు లెండి."

ఆమె నా వైపు చూసింది. కీ తప్పు అన్న రెండు మాటలు చాలు. నోటిదాకా వచ్చాయి.

"కింది సెక్షన్‌లో కూడా బాగానే చెబుతారండీ" అన్నాను.

ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం చేశారు. దాని కింద నేను చేశాను. డబ్బా మూతలో పులిహోర పెట్టి, "తీసుకోండి సార్, పొద్దుటి నుంచి ఏం తిన్నారో" అన్నారు. తిన్నాను.

తర్వాత సరైన కీతో ర్యాంకులు మళ్లీ వేసి చూశాను. ఎవరికీ చూపించలేదు. ఆ వారం పై సెక్షన్ నుంచి దిగినవాళ్లు తొమ్మిది మంది. దిగక్కర్లేనివాళ్లు నలుగురు.