ఒకటి దాటని ముల్లు

హోమ్ థియేటర్‌కు వంద వాట్ల ఆంప్లిఫయర్ కొనాలా, రెండొందల వాట్లదా అని మా అల్లుడు ఫోన్ చేసి నా ప్రాణం తీస్తున్నాడు. "ఏదో ఒకటి కొనుక్కో నాయనా, ఎట్లాగూ నువ్వు వాడేది ఒక్క వాటే" అన్నాను. ఎగతాళి అనుకున్నాడు. కాదు, నా కడుపుమంట అది.

గద్వాలలో మా హాలుకూ పెద్దనాయన మగ్గం గదికీ మధ్య ఒక్కటే గోడ. ఆయన సగం కళ్లతో నేసేవాడు, సగం చెవులతో. పోగు తెగిన ఆ చిన్న చప్పుడు పట్టుకోలేకపోతే చీరలో గీత పడుతుంది. ఇదంతా తెలిసీ హోమ్ థియేటర్ తెచ్చుకున్నాను చూడండి, చెప్పుకోవాలి నా తెలివి! నాకున్న కోరిక ఒక్కటే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కిటికీలు అదిరేట్టు వినాలి. ఆన్ చేయగానే గోడ అవతలి నుంచి కేక వచ్చేది: "ఓరి, జర తగ్గియ్యిరా! పోగు తెగితే నాకెట్ల తెలుస్తది?"

ఆంప్లిఫయర్ ముందర వాట్లు చూపే ముల్లు ఒకటి ఉంది. అది ఒకటి దగ్గర బైఠాయించి కదిలేది కాదు. చెడిపోయిందేమోనని వనపర్తి పోయి, అమ్మిన దుకాణం భాయ్‌తో కొట్లాడాను. ఆయన నవ్వాడు. "పరేషాన్ గాకు సార్. ఇంట్ల మాటలకు, పాటలకు గంతే తింటది. ఏదన్న దబ్బున పేలినప్పుడే మిగిలింది పనికొస్తది. చప్పుడు రెండింతలు ఇనబడాలంటే పది రెట్లు పవర్ గావాలె, తెల్సా?" తెలియదు. తెలిసుంటే అంత బరువు బస్సులో మోసుకొచ్చేవాడినా!

అమావాస్య నాడు మావాళ్లు మగ్గం ముట్టరు. ఆ రోజు కోసం కాచుకుని కూర్చునేవాణ్ని. తీరా అది వచ్చేసరికి పెద్దనాయన మా హాల్లోకే వచ్చి, స్పీకర్ల ముందర సోఫాలో గురక పెట్టేవాడు. నెలంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసిన మనిషిని ఎట్లా లేపను? తిట్టుకుంటూ ముల్లు వైపు చూస్తూ ఉండేవాణ్ని.

పోయినేడు ఆయన చీరల్లో గీతలు పడసాగాయి. పోగు తెగడం ఆయనకు వినబడటం లేదు. ఎవరూ ఏమీ అనకముందే తానే మగ్గం దిగాడు. ఇప్పుడు రోజూ నా పక్కనే కూర్చుంటాడు. మొన్న "జర పెంచురా, ఇనొస్తలేదు" అన్నాడు. పెంచాను. "ఇంకింత." ముల్లు ఒకటి దాటింది, పది దాటింది, కిటికీ అద్దాలు గడగడలాడాయి. నా కోరిక తీరింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పెద్దనాయన తృప్తిగా తలాడించాడు. "గిప్పుడు బాగుంది. ఇన్ని దినాలు గంత మెల్లగ ఎందుకు పెట్టుకున్నవ్‌రా?"

నేను అడిగిన చప్పుడు ఇచ్చి, కాలం ఆ గోడ అవతలి కేకను పట్టుకుపోతుందని ముందే తెలిసుంటే, ఆ ఒక్క వాటుతోనే హాయిగా ఉండేవాణ్ని.