మామిడిపళ్ల బకెట్టూ మునిసిపాలిటీ చన్నీళ్లూ

మా అపార్టుమెంట్లకి మునిసిపాలిటీ వాళ్లు చల్లదనం పంపే గొట్టాలు వేసిన ఏడాది నేను ఒక మనిషిని మనస్ఫూర్తిగా ద్వేషించాను. ఆవిడ స్కూటరు చప్పుడు వినిపిస్తే చాలు, నా చేతిలో కాఫీ గ్లాసు వణికేది. ఇది కాస్త పెంచి చెప్పాను. చెయ్యి అంతకుముందు నుంచే వణుకుతోంది, వయసు వల్ల. ద్వేషం మాత్రం నిజం.

ముందు ఆ ఏర్పాటు సంగతి చెప్పాలి. కాలవ గట్టున షెడ్డు వేసి, అందులో పెద్ద యంత్రాలు పెట్టి నీళ్లను చల్లబరుస్తారు. నల్లటి స్పాంజి చుట్టిన గొట్టాల్లో ఆ నీళ్లు మా నాలుగు బ్లాకులకీ, పక్కనున్న ఆసుపత్రికీ వస్తాయి. ప్రతి ఇంట్లో గోడకి ఒక పెట్టె, అందులో ఫ్యాను. గది చల్లబడుతుంది, వేడెక్కిన నీళ్లు ఇంకో గొట్టంలో షెడ్డుకి వెనక్కి పోతాయి. మళ్లీ మళ్లీ అవే నీళ్లు తిరుగుతాయి. దారిలో ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదు.

ఈ చివరి మాట నా చెవికెక్కలేదు. ఎక్కకపోవడానికి కారణం ప్లాంటు ఆపరేటరు. నలభై ఏళ్ల మనిషి. అంతకుముందు రొయ్యలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో యంత్రాలు నడిపి, కాంట్రాక్టు మీద మునిసిపాలిటీకి వచ్చింది. మొదటి రోజు సెల్లారులో అందరినీ కూర్చోబెట్టి ఈ గొట్టాల సంగతి వివరిస్తోంది. ఎవరూ అడక్కుండానే నేను లేచాను. పంచదార ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు బాయిలర్లు నడిపిన ఇంజనీరుగా ప్రెషరు గురించీ వాల్వుల గురించీ అరగంట మాట్లాడాను. ఆవిడ చేతులు కట్టుకుని విన్నది.

"బాబాయ్ గారూ, మీరు చెప్పిందంతా ఆవిరి గురించండి. ఇవి చన్నీళ్లు. మీరు చెప్పినట్టు తిప్పితే ఈ సెల్లారులో పడవ వేసుకుని తిరగాలి."

అందరూ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న మా ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

నేను ఇంజనీరుని కాను. చెరుకు బళ్లు తూచే కాటా దగ్గర గుమాస్తాని. బాయిలరుని ముప్ఫై ఏళ్లూ కిటికీలోంచి చూశాను. ఆ సంగతి మా ఆవిడకి తప్ప ఆ సెల్లారులో ఎవరికీ తెలియదు. అందుకే మా ఆవిడ నవ్వు నాకు ఎక్కువగా గుచ్చుకుంది. ఆ కోపం పెళ్లాం మీద చూపించే ధైర్యం లేక ఆపరేటరు మీద పెట్టుకున్నాను.

ఎండాకాలం వచ్చింది, రసాలు వచ్చాయి. మామిడిపండు తినే ముందు గంటసేపైనా నీళ్లలో నానాలి, లేకపోతే ఒంటికి వేడి చేస్తుందని మా ఇళ్లలో పద్ధతి. మే నెలలో మా ట్యాంకు నీళ్లలో చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ నీళ్లలో నానితే పండు ఉడుకుతుంది. బాల్కనీలో గొట్టాలు ఇంట్లోకి వచ్చే చోట చిటికెన వేలంత కుళాయి ఉంది. గొట్టంలో గాలి చేరితే వదలడానికి సిబ్బంది తిప్పేది. నేనూ తిప్పాను. మంచు లాంటి నీళ్లు!

రోజూ రెండింటికి, భోజనం అయ్యాక, ఒక్క బకెట్టు పట్టేవాణ్ణి. సరే, నాలుగు. మూడింట్లో పళ్లు నానేవి, నాలుగోదాంట్లో కాళ్లు పెట్టుకుని పేపరు చదివేవాణ్ణి.

పది రోజులకి పై అంతస్తుల్లో గోల మొదలైంది. పెట్టెల్లోంచి వేడిగాలి వస్తోందట. నాకు పండగలా ఉంది. వెంటనే మునిసిపాలిటీకి అర్జీ రాశాను: ప్లాంటు ఆపరేటరు మధ్యాహ్నం పూట డ్యూటీలో నిద్రపోతోంది, తక్షణం తొలగించాలి. కింద 'రిటైర్డ్ బాయిలర్ ఇంజనీర్' అని పెట్టుకున్నాను. నలభై మంది సంతకాలు పెట్టారని ఊరంతా చెప్పాను. పెట్టింది పదకొండు మంది. వాటిలో ఒకటి మా ఆవిడది, ఆవిడకి తెలియకుండా నేనే చేశాను.

వారం తిరక్కుండా అర్జీ నకలు పట్టుకుని ఆపరేటరు మెట్ల మీద నన్ను ఆపింది.

"నేను నిద్రపోతుంటే మీరు చూశారా బాబాయ్ గారూ?"

"చూడక్కర్లేదమ్మా. అనుభవం."

"రోజూ రెండింటికి లైన్లో నీళ్లు తగ్గి, పై అంతస్తుల గొట్టాల్లో గాలి చేరుతోందండి. నేను లాగ్ బుక్కులో రాస్తున్నా. నిద్రపోతే ఎవరు రాస్తారండి?"

"నిద్రలో రాసే అలవాటుందేమో."

ఆవిడ నవ్వలేదు. "లీకు ఎక్కడుందో సోమవారం అర్జీలు వినే గ్రీవెన్సు లోపు తేల్చకపోతే నన్ను తీసేస్తానన్నారు మా పై ఇంజనీరు, డీఈ గారు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. మీకు వేళాకోళంగా ఉందా?"

ఆ మాటకి నాకు సంతోషం వేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ వేసింది. రెండింటికి అని ఆవిడ అన్నా నా బకెట్లు నాకు గుర్తు రాలేదు. అబద్ధం. గుర్తొచ్చాయి. అంత పెద్ద ప్లాంటుకి నా నాలుగు బకెట్లు ఒక లెక్కా అనుకున్నాను.

శనివారం రెండింటికి కుళాయి తిప్పితే ఆకుపచ్చటి నీళ్లు వచ్చాయి.

"ఏంటండీ ఇది, గోరింటాకు రుబ్బి కలిపినట్టుంది?" అంది మా ఆవిడ బాల్కనీ గుమ్మంలో నిలబడి.

అప్పటికే అరడజను రసాలు బకెట్టులో వేసేశాను. లీకు పట్టుకోవడానికి ఆపరేటరు లైన్లో రంగు కలిపిందని అప్పుడు అర్థమైంది.

అప్పటికప్పుడు నేనే షెడ్డుకి నడిచి వెళ్లి తప్పు ఒప్పుకున్నానని తర్వాత చుట్టాలందరికీ చెప్పాను. జరిగింది అది కాదు. పళ్లు తీసి గట్టు మీద పెట్టి, నీళ్లు బాల్కనీ తూములో పారబోశాను. ఆ తూము నీళ్లు బ్లాకు వెనక నేల మీద పడతాయి. ఆపరేటరు అక్కడే నిలబడి ఉంది. రంగు కలిపిన దగ్గర్నుంచీ బ్లాకుల చుట్టూ తిరుగుతోందట.

పైకి వచ్చింది. పచ్చరంగు అంటిన పళ్లనీ, నా తువ్వాలునీ చూసింది. నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగింది.

"పిన్నిగారూ, ఈ నీళ్లలో గొట్టాలు తుప్పు పట్టకుండా మందు కలుపుతామండి. ఎన్నాళ్లుగా తింటున్నారు ఈ పళ్లు?"

"మూడు వారాలవుతోందమ్మా. నాలుగు రోజులుగా కడుపులో తిప్పుతోంది. మామిడిపళ్లు వేడి చేశాయి, ఇంకాసేపు నానబెడతానన్నారు ఈయన."

నాకు మొదటిసారి భయం వేసింది. రసాలు తొక్క తీసి తినేవి కావు, నోట్లో పెట్టుకుని జుర్రేవి. ఆపరేటరే మా ఇద్దరినీ పక్క ఆసుపత్రికి తీసుకెళ్లింది. పళ్లు మానేస్తే సర్దుకుంటుందన్నారు డాక్టరు. బయటికి వచ్చాక అప్పుడు నా వైపు తిరిగింది.

"సోమవారం మీరు రావాలి. నేను చెబితే తప్పు మీ మీదకి నెడుతున్నానంటారు. నేనేం బతిమాలట్లేదండి."

"రాను. ఏం చేసుకుంటావో చేసుకో."

"మీరెళ్లకపోతే నేనెళ్తా," అంది మా ఆవిడ. "వెళ్లి, మీరు ఏ ఉద్యోగం వెలగబెట్టారో కూడా చెప్పొస్తా."

వెళ్లాను. హాలు నిండా అర్జీలు పట్టుకున్న జనం. నీళ్లు పట్టింది నేనేనని గొణిగాను. డీఈ గారు నా కాగితం చూసి, నన్ను చూసి, కళ్లజోడు తీశారు.

"తమరు బాయిలర్ ఇంజనీరు కదండీ. తెలిసిన మనిషి లైన్లో కుళాయి తిప్పితే అది కావాలని చేసినట్టే. లేదంటే, తిప్పకూడదని ఈవిడ మీకెవరికీ చెప్పలేదన్నమాట. అలాగైతే తప్పు ఈవిడది. ఏదో ఒకటి చెప్పండి."

నేను తప్పించుకోవడానికి ఆ రెండోది చాలు. చెప్పలేదండి అంటే సరి, ఇంజనీరుగానే ఇంటికి రావచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఆపరేటరు నన్ను చూడటం లేదు. ఒళ్లో ఉన్న లాగ్ బుక్కు అంచు గోటితో గీకుతోంది.

"చెప్పిందండి," అన్నాను. "సెల్లారులో అందరి ముందూ చెప్పింది. చుక్క పోకూడదంది. నేనే వినలేదు. నేను ఇంజనీరుని కానండి. చెరుకు కాటా గుమాస్తాని. ఆవిడ నిద్రపోవడం కూడా నేను చూడలేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డీఈ గారు అర్జీ అడ్డంగా కొట్టేసి, లాగ్ బుక్కు తీసుకుని సంతకం పెట్టారు. ఆవిడ ఉద్యోగం నిలిచింది. నాకు ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదు. నేనేం ఆశించలేదు. ఆశించాను.

మర్నాడు పొద్దున్నే స్పానరుతో వచ్చి నా కుళాయి పిడి ఊడదీసి, తీగ చుట్టి సీలు వేసింది.

"ఈ తీగ తెగిందంటే మీ ఇంటికి లైను కట్ చేస్తానండి, కాటా బాబాయ్ గారూ."

వరండాలో నలుగురు విన్నారు. సాయంత్రానికి నాలుగు బ్లాకుల్లో నా పేరు అదే. ఆ స్కూటరు చప్పుడు వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ పొద్దున సీలు వేసి ఆపరేటరు వెళ్లబోతుంటే మా ఆవిడ నాలుగు రసాలు కవర్లో వేసి చేతికిచ్చింది.

"ఏ నీళ్లలో నానబెట్టారు పిన్నిగారూ?"

"వంటింటి కుళాయి నీళ్లేనమ్మా. నేనే నానబెట్టా."

ఆపరేటరు నా వైపు ఒకసారి చూసింది. తిన్నగా మా వంటింట్లోకి వెళ్లి, సింకులో ఒక్కొక్క పండూ తొడిమ దగ్గర వేలితో రుద్ది రుద్ది కడిగింది. నాలుగూ అయ్యాక, నేను చూస్తుండగానే, నాలుగూ మళ్లీ కడిగింది.